అదే 8.36: ఒకరికి స్వర్ణం, మనవాడికి ఏడో స్థానం

ప్రపంచ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్స్ 1983లో మొదలయ్యాయి. దాదాపు ప్రతిసారీ పతకాల పట్టికలో పైనో, పైకి దగ్గరగానో ఉండే అమెరికాకు ఆ పోటీలను తన గడ్డ మీద జరుపుకోవడానికి మాత్రం ముప్ఫై తొమ్మిదేళ్ళు పట్టింది. 2022 జులైలో, ఒరెగాన్ రాష్ట్రంలోని యూజీన్‌లో, యూనివర్సిటీ ఆఫ్ ఒరెగాన్ వారి హేవర్డ్ ఫీల్డ్‌లో ఆ ముచ్చట తీరింది. నిజానికి ఇవి 2021లో జరగాల్సినవి. కరోనా వల్ల టోక్యో ఒలింపిక్స్ ఒక ఏడాది ఆలస్యం కావడంతో వీటినీ ఏడాది వాయిదా వేశారు. పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకు యూజీన్ రెండు గంటల కారు ప్రయాణం.

ఆ పోటీల్లో పురుషుల లాంగ్ జంప్ ఫైనల్ జులై 16 శనివారం సాయంత్రం జరిగింది. చైనాకు చెందిన వాంగ్ జియానన్ 8.36 మీటర్లు దూకి స్వర్ణం గెలుచుకున్నాడు. గ్రీస్ ఆటగాడు మిల్టియాడిస్ టెంటోగ్లూ 8.32 మీటర్లతో రజతం, స్విట్జర్లాండ్ కుర్రాడు సైమన్ ఎహామర్ 8.16 మీటర్లతో కాంస్యం తీసుకున్నారు. అమెరికన్లకు సొంతగడ్డ మీద ఈ పోటీలో పతకమే రాలేదు. ఇండియా నుంచి ఫైనల్ చేరిన ఒకే ఒక్కడు, కేరళలోని పాలక్కాడ్‌కు చెందిన 23 ఏళ్ళ మురళీ శ్రీశంకర్, 7.96 మీటర్లతో ఏడో స్థానంలో నిలిచాడు.

ఇక్కడే ఒక చిక్కుప్రశ్న ఉంది. అదే ఏడాది ఏప్రిల్‌లో కేరళలోని తేంజిపాలంలో జరిగిన ఫెడరేషన్ కప్‌లో శ్రీశంకర్ ఎంత దూకాడో తెలుసా? సరిగ్గా 8.36 మీటర్లు! యూజీన్‌లో స్వర్ణం తెచ్చిపెట్టిన దూరానికి ఒక్క సెంటీమీటరు కూడా తేడా లేదు. మరి ఒకరు ప్రపంచ విజేత, ఇంకొకరు ఏడో స్థానం ఎలా అయ్యారు?

“పెద్ద పోటీ కదా, ఒత్తిడికి తట్టుకోలేకపోయాడు” అని ఒక్క ముక్కలో తేల్చెయ్యడం సులువు. మన ఆటగాళ్ళ గురించి టీవీ ముందు కూర్చుని మనం తరచుగా అనే మాట అదే. కానీ లాంగ్ జంప్ పోటీ ఎలా నడుస్తుందో, ఏ జంప్ లెక్కలోకి వస్తుందో, ఏది రాదో కాస్త తెలుసుకుంటే ఆ మాట ఎంత తొందరపాటుదో తెలుస్తుంది.

కిష్కింధ కాండలో సముద్రం ఒడ్డున వానరులంతా కూర్చుని ఎవరెవరు ఎన్ని యోజనాలు దూకగలరో చెప్పుకునే ఘట్టం మనందరికీ తెలిసిందే. ఒకడు పది అంటాడు, ఒకడు ఇరవై అంటాడు, జాంబవంతుడు తొంభై అంటాడు. అంగదుడు నూరు దూకగలనుగానీ తిరిగి రాగలనో లేదో అంటాడు. ఈనాటి భాషలో వాటిని ‘పర్సనల్ బెస్ట్’ అనుకోవచ్చు. ఎంత దూకగలరో చెప్పే లెక్క అది. పోటీ మాత్రం ఆ రోజు, ఆ గాలిలో, ఆ ఆరు అవకాశాల్లో ఎంత దూకావని అడుగుతుంది. రెండూ వేర్వేరు ప్రశ్నలు.

కొలత పాదం నుంచి కాదు, గీత నుంచి

లాంగ్ జంప్ రన్‌వే కనీసం 40 మీటర్ల పొడవుంటుంది. దాని చివర, ఇసుక గుంటకు కొంచెం ముందు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తెల్లటి టేకాఫ్ బోర్డు ఉంటుంది. ఇసుక వైపు ఉన్న ఆ బోర్డు అంచే గీత. ఆ గీత నుంచి, ఇసుకలో శరీరం చేసిన గుర్తుల్లో గీతకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నదాని వరకు కొలుస్తారు. కాళ్ళు ఎంత దూరంలో పడినా, వెనక్కి వాలి చెయ్యి ఆనిస్తే ఆ చెయ్యి పడిన చోటే లెక్క.

ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆటగాడు గీతకు పది సెంటీమీటర్ల వెనక నుంచి ఎగిరితే ఆ పది సెంటీమీటర్లూ అతనికి పోయినట్టే. నిజంగా ఎక్కువ దూరం ఎగిరినవాడు కూడా కాగితం మీద తక్కువ దూకినట్టు కనిపించవచ్చు. యూజీన్‌లో స్వర్ణానికీ రజతానికీ తేడా నాలుగు సెంటీమీటర్లు, అంటే అంగుళంన్నర కంటే కాస్త ఎక్కువ.

పోనీ గీత మీదే అడుగు వేద్దామా అంటే, కాలి కొన గీత దాటిందా ఫౌల్! ఆ జంప్ సున్నా. ఇదివరకు బోర్డు అంచున మెత్తటి ప్లాస్టిసిన్ పట్టీ ఉండేది, దాని మీద గుర్తు పడితే ఫౌల్ ఇచ్చేవారు. 2021 నవంబర్ నుంచి నియమం మారింది. ఇప్పుడు గీత మీద నిట్టనిలువుగా ఒక అద్దం గోడ ఉందని ఊహించుకోవాలి. టేకాఫ్ సమయంలో బూటు కొన ఆ గోడను దాటితే, నేలకు తగలకపోయినా, ఫౌలే. ఈ కొత్త నియమంతో జరిగిన మొదటి అవుట్‌డోర్ ప్రపంచ చాంపియన్‌షిప్స్ యూజీన్‌వే.

ఇదంతా ఎంత వేగంలో జరుగుతుందో కూడా చూడాలి. అంతర్జాతీయ స్థాయి జంపర్ బోర్డు దగ్గరకు వచ్చేసరికి సెకనుకు పది మీటర్లకు పైగా, అంటే గంటకు 22 మైళ్ళకు పైగా వేగంలో ఉంటాడు. అంటే చాలాచోట్ల స్కూల్ జోన్‌లో మనం కారు నడపాల్సిన వేగం కంటే ఎక్కువ. ఆ వేగంలో వచ్చి అరచేయంత జాగాలో పాదం పెట్టాలి. ఆ పాదం బోర్డు మీద ఉండేది సుమారు సెకనులో ఎనిమిదో వంతు సేపే. ముందుకు దూసుకొచ్చే వేగంలో కొంత భాగాన్ని పైకి ఎగరడానికి మళ్ళించేది ఆ కాస్త సేపట్లోనే.

ఫిజిక్స్ చదువుకున్నవాళ్ళకు 45 డిగ్రీల కోణంలో విసిరితే ఎక్కువ దూరం పోతుందన్నది గుర్తుండే ఉంటుంది. కానీ లాంగ్ జంపర్లు ఎగిరేది సుమారు 20 డిగ్రీల కోణంలోనే. 45 డిగ్రీలు కావాలంటే పరుగు వేగాన్ని బాగా చంపుకోవాలి, అది లాభసాటి బేరం కాదు. అందుకే ఈ ఆటలో గొప్పవాళ్ళు చాలామంది ముందు గొప్ప స్ప్రింటర్లు.

ఆరు అవకాశాలు, ఒకటే లెక్క

పోటీ రెండు రోజులు నడుస్తుంది. ముందు క్వాలిఫికేషన్. ఇందులో ఒక్కొక్కరికి మూడు జంప్‌లు. యూజీన్‌లో 8.15 మీటర్లు దూకినవాళ్ళు నేరుగా ఫైనల్‌కు వెళ్తారు, అంతమంది లేకపోతే మొత్తం మీద మొదటి పన్నెండు మందిని తీసుకుంటారు. శ్రీశంకర్ సరిగ్గా 8.00 మీటర్లు దూకి ఫైనల్ చేరాడు. మనవాళ్ళే అయిన జెస్విన్ ఆల్డ్రిన్, మహమ్మద్ అనీస్ యాహియా ఇక్కడే ఆగిపోయారు.

ఫైనల్ రోజున క్వాలిఫికేషన్ దూరాలన్నీ చెరిగిపోతాయి. అందరూ మళ్ళీ సున్నా నుంచే మొదలు. యూజీన్‌లో క్వాలిఫికేషన్‌లో 8.15 దాటినవాళ్ళు ఇద్దరే, జపాన్‌కు చెందిన యూకి హషియోకా, అమెరికన్ మార్క్విస్ డెండీ. ఫైనల్లో ఆ ఇద్దరికీ పతకం రాలేదు. మరుసటి ఏడాది 2023లో బుడాపెస్ట్‌లో ఇంతకంటే వింత జరిగింది. జమైకా ఆటగాడు వేన్ పినాక్ క్వాలిఫికేషన్‌లో 8.54 మీటర్లు దూకాడు. ఆ చాంపియన్‌షిప్స్ మొత్తంలో అంతకంటే ఎక్కువ ఎవరూ దూకలేదు. కానీ ఫైనల్లో అతను 8.50 దగ్గర ఆగాడు, టెంటోగ్లూ 8.52 దూకి స్వర్ణం తీసుకుపోయాడు. అందరికంటే ఎక్కువ దూకినవాడికి రజతం!

యూజీన్ ఫైనల్లో పన్నెండు మందికి తలా మూడు జంప్‌లు ఇచ్చి, వాళ్ళలో మొదటి ఎనిమిది మందికి మరో మూడు ఇచ్చారు. మొత్తం ఆరు. వీటిలో అన్నిటికంటే పెద్దది ఒక్కటే లెక్క. సగటు చూడరు, మొత్తం కూడరు. ఐదుసార్లు విఫలమైనా ఆరోసారి గెలవవచ్చు. మన పరీక్షల్లో ఇలాంటి సౌకర్యం ఉంటే ఎంత బాగుండేదో!

ఆ సాయంత్రం జరిగింది సరిగ్గా అదే. ఐదు రౌండ్లు ముగిసేసరికి టెంటోగ్లూ 8.32తో ముందున్నాడు. వాంగ్ అప్పటికి 8.03తో ఐదో స్థానంలో ఉన్నాడు. చివరి జంప్‌లో ఒక్కసారిగా 33 సెంటీమీటర్లు పెంచి 8.36 దూకాడు. ఐదో స్థానం నుంచి ఒకే అడుగులో ఒకటో స్థానం. పురుషుల లాంగ్ జంప్‌లో ప్రపంచ చాంపియన్ అయిన మొదటి ఆసియావాసి వాంగే. ఆ చివరి జంప్ కూడా మామూలుగా పోయి ఉంటే అతను ఆ రోజు ఉట్టి చేతులతో ఇంటికి వెళ్ళేవాడు. అప్పుడు “ఒత్తిడికి తట్టుకోలేకపోయాడు” అని అతని గురించీ అనేవాళ్ళేమో.

టెంటోగ్లూకు ఇది కొత్త కాదు. అంతకు ముందు ఏడాది టోక్యో ఒలింపిక్స్‌లో చివరి జంప్‌లో ముందుకు దూసుకెళ్ళి స్వర్ణం గెలిచింది అతనే. ఒక ఏడాది ఇచ్చిన చివరి జంప్ మరుసటి ఏడాది తీసుకుపోయింది.

శ్రీశంకర్ సంగతికి వస్తే, అతని మొదటి జంపే 7.96. ఆ తర్వాతి వాటిలో కొన్ని ఫౌల్ అయ్యాయి, మిగతావి అంత దూరం రాలేదు. ముందు ఒక మంచి జంప్ చేతిలో ఉన్నప్పుడు ఆ తర్వాత గీతకు ఇంకా దగ్గరగా వెళ్ళి సాహసం చెయ్యడం ఈ ఆటలో మామూలే, అందులో ఫౌల్స్ రావడమూ మామూలే. బుడాపెస్ట్ పోటీల్లో మొత్తం జంప్‌లలో మూడో వంతు ఫౌల్స్ అయ్యాయని వరల్డ్ అథ్లెటిక్స్ సంస్థే చెప్పింది. అందుకని 2024లో గీతకు బదులు ఒక వెడల్పాటి టేకాఫ్ జోన్ పెట్టి, పాదం ఎక్కడ పడితే అక్కడి నుంచే కొలుద్దామని ఆలోచన చేశారు. కార్ల్ లూయిస్, టెంటోగ్లూ లాంటివాళ్ళు గట్టిగా వ్యతిరేకించారు. ఆ కచ్చితమైన అడుగు వెయ్యడమే ఈ ఆటలో అసలు విద్య అన్నది వాళ్ళ వాదన. 2025 టోక్యో ప్రపంచ పోటీల్లో కూడా పాత గీతే ఉంది.

గాలికి రెండు లెక్కలు

శ్రీశంకర్ 8.36 దూకిన ఆ ఫెడరేషన్ కప్‌లో ఇంకో తమాషా కూడా ఉంది. 8.36 అప్పటికి జాతీయ రికార్డు. అయినా ఆ రోజు అతనికి వచ్చింది రజతమే! తమిళనాడు కుర్రాడు జెస్విన్ ఆల్డ్రిన్ 8.37 దూకి స్వర్ణం గెలిచాడు.

మరి ఎక్కువ దూకినవాడికి రికార్డు ఎందుకు రాలేదు? వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2.0 మీటర్లు మించితే ఆ జంప్ రికార్డుకు పనికిరాదు. ఆల్డ్రిన్ దూకినప్పుడు గాలి 4.1. కానీ పోటీ ఫలితానికి ఈ నియమం వర్తించదు. అందుకే స్వర్ణం ఒకరికి, రికార్డు ఒకరికి. తర్వాత 2023 మార్చిలో ఆల్డ్రిన్ బళ్ళారి జిల్లాలో సక్రమమైన గాలిలోనే 8.42 దూకి జాతీయ రికార్డు తన పేరిట రాసుకున్నాడు.

సమానంగా దూకితే?

ఇద్దరి దూరమూ ఒకటే అయితే రెండో అత్యుత్తమ జంప్ చూస్తారు. టోక్యోలో టెంటోగ్లూ, క్యూబాకు చెందిన హువాన్ మిగెల్ ఎచెవారియా ఇద్దరూ 8.41 దూకారు. రెండో జంప్ ఎక్కువగా ఉన్న టెంటోగ్లూకు ఒలింపిక్ స్వర్ణం దక్కింది.

యూజీన్ తర్వాత మూడు వారాలు తిరక్కముందే ఈ నియమం శ్రీశంకర్‌కు ఎదురైంది. బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో అతనూ, బహామాస్‌కు చెందిన లక్వాన్ నైర్న్ ఇద్దరూ 8.08 దూకారు. నైర్న్ రెండో జంప్ 7.98, మనవాడిది 7.84. స్వర్ణం నైర్న్‌కు వెళ్ళింది. అయినా పురుషుల లాంగ్ జంప్‌లో కామన్వెల్త్ క్రీడల్లో భారత్‌కు అదే మొదటి రజతం.

అమెరికా గడ్డ మీద లాంగ్ జంప్

మనం ఉంటున్న ఈ దేశానికి ఈ ఆటతో చాలా పాత అనుబంధం. 1935 మే 25న మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో కాలేజీ పోటీల్లో జెస్సీ ఓవెన్స్ 8.13 మీటర్లు దూకాడు. ఆ రోజు అతను దూకింది ఒక్కసారే! ఆ ప్రపంచ రికార్డు పాతికేళ్ళు నిలిచింది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కార్ల్ లూయిస్ మొదటి జంప్‌లోనే 8.54 దూకి, రెండోది ఫౌల్ చేసి, మిగతా నాలుగూ వదిలేశాడు. ముందున్న 200 మీటర్లు, రిలే పరుగుల కోసం ఒళ్ళు దాచుకున్నాడు. డబ్బు పెట్టి చూడటానికొచ్చిన జనం గోల చేశారుగానీ, ఒక్క మంచి జంప్ చాలన్న లెక్క అతనిది. స్వర్ణం అతనికే వచ్చింది.

పన్నెండేళ్ళ తర్వాత 1996లో అట్లాంటాలో అదే లూయిస్ కథ తిరగబడబోయింది. క్వాలిఫికేషన్‌లో రెండు జంప్‌లు అయ్యేసరికి ఫైనల్ చేరే పన్నెండు మందిలో అతను లేడు. మూడో జంప్‌లో 8.29 దూకి ఒడ్డున పడ్డాడు. ఫైనల్లో 8.50 దూకి వరసగా నాలుగో ఒలింపిక్ లాంగ్ జంప్ స్వర్ణం గెలిచాడు. ఆ మూడో జంప్ ఫౌల్ అయి ఉంటే చరిత్రలో ఆ నాలుగో స్వర్ణం లేదు.

ఇప్పటికీ చెక్కుచెదరని ప్రపంచ రికార్డు కూడా అమెరికన్‌దే. 1991 ఆగస్ట్ 30న టోక్యోలో మైక్ పవెల్ దూకిన 8.95 మీటర్లు, అంటే 29 అడుగుల 4 అంగుళాలకు పైమాటే. పవెల్‌కు కోచ్‌గా ఉన్న రాండీ హంటింగ్టన్ ఆ తర్వాత చైనా వెళ్ళి అక్కడి ఆటగాళ్ళకు శిక్షణ ఇచ్చాడు. అతని దగ్గర నేర్చుకున్నవాళ్ళలో వాంగ్ జియానన్ ఒకడు. చూశారా, యూజీన్‌లో చైనా గెలిచిన స్వర్ణం వెనక కూడా కొంత అమెరికా విద్య ఉంది. నైపుణ్యం ఉన్న మనిషి దేశం దాటి వెళ్తే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఏడో స్థానం విలువ

1974లో టెహ్రాన్ ఆసియా క్రీడల్లో టి.సి. యోహన్నన్ 8.07 మీటర్లు దూకాడు. భారత్‌లో ఆ రికార్డును దాటడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. 2003లో పారిస్‌లో అంజూ బాబీ జార్జ్ 6.70 మీటర్లతో మహిళల లాంగ్ జంప్‌లో కాంస్యం గెలిచి, ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో భారత్‌కు మొదటి పతకం తెచ్చింది. పురుషుల లాంగ్ జంప్‌లో మాత్రం ఫైనల్ చేరిన మొదటి భారతీయుడు, యూజీన్‌లో ఏడో స్థానం వచ్చిన ఈ శ్రీశంకరే. వారం తర్వాత అదే మైదానంలో నీరజ్ చోప్రా జావెలిన్‌లో రజతం గెలవడంతో ఈ సంగతి వార్తల్లో మరుగున పడింది.

శ్రీశంకర్ తల్లిదండ్రులిద్దరూ అథ్లెట్లే. తండ్రి మురళి ట్రిపుల్ జంపర్, కొడుక్కి కోచ్ కూడా. తల్లి బిజిమోల్ 800 మీటర్ల పరుగు పందెగత్తె. 2023లో శ్రీశంకర్ 8.41 దాకా వెళ్ళాడు. అదే ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మళ్ళీ వాంగ్ జియానన్ ఎదురయ్యాడు. ఈసారి వాంగ్ 8.22, మనవాడు 8.19. యూజీన్‌లో 40 సెంటీమీటర్లున్న తేడా మూడు సెంటీమీటర్లకు తగ్గింది. 2024లో మోకాలి గాయం అతన్ని పారిస్ ఒలింపిక్స్‌కు దూరం చేసింది. 2025లో మళ్ళీ పోటీల్లోకి వచ్చాడు.

ఆ పారిస్‌లో పినాక్‌కు రజతం తెచ్చిన దూరం ఎంతనుకున్నారు? మళ్ళీ అదే 8.36. యూజీన్‌లో స్వర్ణం, పారిస్‌లో రజతం, తేంజిపాలంలో జాతీయ రికార్డు ఉండి కూడా రెండో స్థానం. దూరం ఒకటే అయినా దాని విలువను ప్రతిసారీ ఆ రోజు పోటీయే నిర్ణయించింది. కాబట్టి “8.36 దూకగలవాడు 7.96కే ఆగిపోయాడు” అన్నది సగం నిజమే. ప్రపంచంలో పన్నెండు మందికి మాత్రమే దొరికే చోట నిలబడి, ఆరు అవకాశాలూ సంపాదించుకున్నాడన్నది మిగతా సగం. వాంగ్ కూడా 2015లో బీజింగ్‌లో కాంస్యం గెలిచాక స్వర్ణానికి ఏడేళ్ళు ఆగాడు. ఫైనల్స్‌లో మళ్ళీ మళ్ళీ నిలబడితేనే ఏదో ఒక రోజు ఆ ఆరో జంప్ కలిసొస్తుంది.

ఇక్కడి హైస్కూళ్ళలో మన పిల్లలు కూడా ఇప్పుడు ట్రాక్ టీముల్లో చేరుతున్నారు. వాళ్ళ పోటీకి వెళ్ళినప్పుడు అడుగులూ అంగుళాలూ మాత్రమే చూడకండి. పాదం బోర్డు మీద ఎక్కడ పడిందో చూడండి, తెల్లజెండా లేచిందో ఎర్రజెండా లేచిందో చూడండి, ఫౌల్ అయిన జంప్ ఎంత దూరం పోయిందో కూడా చూడండి. ఇంటికి వచ్చాక “ఎన్నో స్థానం?” అని అడిగేముందు “గీత దగ్గర ఎలా వచ్చావు?” అని అడిగితే వాళ్ళకు చెప్పడానికి చాలా ఉంటుంది.

2028లో ఒలింపిక్స్ మళ్ళీ లాస్ ఏంజెలెస్‌కు వస్తున్నాయి. 1932లో, 1984లో లాంగ్ జంప్ జరిగిన కొలీజియంలోనే అథ్లెటిక్స్ పోటీలు. కాలిఫోర్నియాలో మనవాళ్ళకు కొదవ లేదు. టికెట్ దొరికితే ఇసుక గుంట పక్కన కూర్చోండి. మనవాళ్ళు ఎవరు దూకినా ఐదో జంప్‌కే లేచి వెళ్ళిపోకండి!